చెప్పులు విడిచే చోటు

మన ఆలయానికి వచ్చే ప్రతి ఒక్కరూ, పూజారిగారు మొదలుకొని పసిబిడ్డను చంకనెత్తుకొన్న తల్లి వరకు, ముందుగా చేసే పని ఒకటే. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తారు. ఈ పని మనకు ఎంత అలవాటైపోయిందంటే, దాని గురించి ఆలోచించడం కూడా మానివేశాము. సాయంకాలపు తెలుగు తరగతిలో ఒక చిన్నారి "ఎందుకు విడవాలి?" అని అడిగితే, "గుడి కదా!" అని ఊరుకుంటాము.

మన భాషలో పాదరక్షలకు చాలా ముఖాలున్నాయి. రామాయణంలో భరతుడు అన్నగారి పాదుకలను సింహాసనం మీద ఉంచి, పద్నాలుగేళ్లు వాటి పేరిట రాజ్యం నడిపాడు. అదే భాషలో ఒక మనిషిని తీసిపారేయాలంటే కాలి చెప్పుతో పోలుస్తారు. పని కోసం ఊళ్లు పట్టి తిరిగినవాడిని "చెప్పులరిగేలా తిరిగాడు" అంటారు. గౌరవము, అవమానము, ప్రయాణము మూడూ చెప్పుల చుట్టూ అల్లుకొని ఉన్నాయి.

పరదేశపు యాత్రికుడు ఒక పుణ్యస్థలం చూడబోయినప్పుడు కాళ్లకున్నవి విడవాలా, అక్కరలేదా? వినడానికి చిన్న ప్రశ్న. కాని ఈ ప్రశ్న వల్ల ఒక దేశపు రాజు దర్శనం ఆంగ్లేయ ప్రతినిధికి శాశ్వతంగా ఆగిపోయింది. ఒక భిక్షువుకు యావజ్జీవ శిక్ష పడింది. ఆ దేశం బర్మా, అంటే నేటి మియన్మార్. దాని పెద్ద నగరమైన రంగూన్‌ను ఉత్తరాంధ్రలో మన పెద్దలు "రంగం" అని పిలిచేవారు. "రంగం వెళ్లాడు" అంటే సముద్రం దాటి కూలికో వ్యాపారానికో పోయాడని అర్థం. ఆ చరిత్ర దక్షిణాఫ్రికాలో స్థిరపడిన మనకు కూడా పరాయిది కాదు.

రంగం కొండ మీది బంగారు గోపురం

రంగూన్ నగరంలో ఒక చిన్న కొండ మీద ష్వేడగాన్ పగోడా ఉన్నది. ఎత్తు సుమారు 99 మీటర్లు. పైనుంచి కింది వరకు బంగారు తాపడం. బుద్ధుని కేశాలను ఇద్దరు వర్తక సోదరులు తెచ్చి అక్కడ నిక్షిప్తం చేశారని స్థలపురాణం. నాలుగు దిక్కులా పైకప్పు గల మెట్లదారులు ఉన్నాయి. దక్షిణపు దారిలో 104 మెట్లు. ఆ మెట్ల ఇరుపక్కలా పూలు, అగరువత్తులు, చిన్న విగ్రహాలు అమ్మే దుకాణాలు. మన సింహాచలం, తిరుపతి చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు.

ఉద్యోగ విరమణ తరువాత నేనూ ఒకసారి ఆ మెట్లెక్కాను. అక్కడి నియమం మన నియమం కన్న కఠినమైనది. చెప్పులే కాదు, మేజోళ్లు కూడా కింద విడవాలి. పైన పరచినది పాలరాయి. ఉదయం చల్లగా హాయిగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం యాత్రికులు కాలుగాలిన పిల్లుల్లా నీడ కోసం పరుగులు తీస్తారు. ఆ పరుగులో ధనిక, పేద, స్వదేశి, విదేశి అన్న తేడా ఉండదు. ఏ దేశం నుంచి వచ్చినవారైనా సరే, ఆ రాతి మీద అందరి పాదాలూ ఒకే విధంగా కాలుతాయి.

అయితే ఈ సమానత్వం మొదటి నుంచీ ఉన్నది కాదు. దాన్ని సంపాదించుకోవడానికి అక్కడి ప్రజలకు చాలా కాలం పట్టింది.

రాజు ముందు, దొర ముందు

పంతొమ్మిదవ శతాబ్దంలో భారతదేశాన్ని ఏలిన ఆంగ్లేయులకు చెప్పుల విషయంలో రెండు నీతులు ఉండేవి. 1820లలో గవర్నర్ జనరల్ ఆంహర్స్ట్ తన ఎదుటికి వచ్చే భారతీయులు గౌరవసూచకంగా పాదరక్షలు విడవాలని పట్టుబట్టాడు. తరువాత డల్హౌసీ కాలానికి ఈ పట్టు మరింత బిగిసింది. ప్రభుత్వ కార్యాలయంలో అడుగుపెట్టే భారతీయుడు చెప్పులు విడవాలి. ఐరోపా దుస్తులు, బూట్లు ధరించినవారికి మాత్రం మినహాయింపు. 1862లో సూరత్ న్యాయస్థానంలో మానెక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పార్సీ ఉద్యోగి చెప్పులు విడవడానికి నిరాకరించాడు. ఆయనను లోపలికి రానివ్వలేదు. గుడిలో, ఇంటిలో విడవడం మర్యాద, కచేరీ అటువంటి చోటు కాదు అన్నది ఆనాడు తలెత్తిన వాదం.

ఇది భారతదేశంలో మాట. బర్మాలో అదే ఆంగ్లేయులు నేర్చుకోవలసిన పాఠం తిరగబడింది. మాండలేలో మిండన్ రాజు దర్శనానికి వెళ్లేవారు బూట్లు విడిచి, నేల మీద కూర్చోవాలి. ఆంగ్లేయ ప్రతినిధులు ఎంతోకాలం ఇష్టం లేకపోయినా ఈ ఆచారాన్ని పాటించారు. 1875లో డగ్లస్ ఫోర్సైత్ అనే అధికారి రాయబారం వెళ్లి వచ్చిన తరువాత, ఇకపై తమ ప్రతినిధి బూట్లు విడవరాదని భారత ప్రభుత్వం ఆదేశించింది. రాజు తన ఆచారాన్ని మార్చుకోలేదు. ప్రతినిధికి మళ్లీ రాజదర్శనం దొరకలేదు. ముఖాముఖి మాటలు ఆగిపోయిన రెండు ప్రభుత్వాల మధ్య అపనమ్మకం పెరిగింది. 1879లో ప్రతినిధిని మాండలే నుంచి వెనక్కు పిలిచారు. 1885లో యుద్ధం వచ్చింది. మిండన్ కుమారుడు థీబా రాజును బంధించి భారతదేశంలోని రత్నగిరికి పంపివేశారు. ఆ యుద్ధానికి వ్యాపారము, ఫ్రెంచివారి మీద అనుమానము వంటి పెద్ద కారణాలున్నాయి. బూట్లు ఒక్కటే కారణమంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. కాని మాట్లాడుకొనే తలుపు మూతపడింది బూట్ల దగ్గరనే.

తమ ఎదుట ఇతరులు చెప్పులు విడవాలి, ఇతరుల ఎదుట తాము విడవరాదు. నియమం ఒకటే. అది వర్తించేది మాత్రం ఒక పక్షానికే.

బూట్లు ఎక్కిన మెట్లు

1852 యుద్ధంలో రంగూన్ ఆంగ్లేయుల వశమైనప్పుడు ష్వేడగాన్ కొండను సైన్యం ఆక్రమించి కోటగా మార్చింది. ఆ సైనిక ఆక్రమణ 1929 వరకు, అనగా 77 సంవత్సరాలు సాగింది. 1871లో మిండన్ రాజు మాండలే నుంచి గోపుర శిఖరానికి రత్నాలు పొదిగిన కొత్త ఛత్రాన్ని పంపించాడు. ఛత్రాన్ని రానిచ్చారు కాని రాజును రానివ్వలేదు. భక్తులు వట్టి కాళ్లతో నడిచే చోట, ఐరోపా నుంచి వచ్చిన విహారయాత్రికులు బూట్లతో తిరిగి చూసి వెళ్లేవారు.

1901లో ఒక చిత్రమైన సంఘటన జరిగింది. ఐర్లండులో పుట్టి బౌద్ధ భిక్షువైన ధమ్మలోక అనే ఆయన, బూట్లతో పగోడా మీదకు వచ్చిన ఒక భారతీయ పోలీసును ఆపి, వాటిని విడవమన్నాడు. పెద్ద గొడవ అయింది. ఆపినవాడు తెల్లవాడు, ఆగినవాడు మనవాడు. మనిషి ఏ జాతివాడైనా, కాలికి అధికారపు బూటు తొడుక్కొన్న తరువాత నేల పవిత్రతను మరచిపోగలడని ఈ సంఘటన చెబుతున్నది.

1906లో బర్మా యువకులు యువ బౌద్ధ సంఘాన్ని స్థాపించారు. 1916 నుంచి ఆ సంఘం ఈ విషయాన్ని సభల్లో, విన్నపాల్లో గట్టిగా లేవనెత్తింది. గొప్ప పండితుడైన లెడి సయడో పగోడాల మీద పాదరక్షలు ధరించడం ఎందుకు తగదో వివరిస్తూ ఒక గ్రంథమే రాశాడు. రాజకీయ ప్రసంగాలకు కదలని గ్రామీణులు కూడా ఈ మాటకు కదిలారు. 1919 అక్టోబరులో మాండలేలోని ఐన్డోయా పగోడా మీదకు బూట్లతో వచ్చిన ఐరోపావారి మీద కోపోద్రిక్తులైన భిక్షువులు దాడి చేశారు. ఊ కెట్టయ అనే భిక్షువుకు యావజ్జీవ కారాగార శిక్ష పడింది. అహింసను బోధించే ధర్మంలో ఉన్నవారు చేయి ఎత్తడం విచారకరమే. ఆ తరువాత ప్రభుత్వం దిగివచ్చింది. పాదరక్షల నియమాన్ని నిర్ణయించే హక్కు ఆయా పగోడాల పెద్దలదే అని ఒప్పుకొన్నది. బర్మా జాతీయోద్యమపు తొలి విజయాలలో దీనిని చరిత్రకారులు లెక్కిస్తారు.

ఇక్కడ గెలిచినది ఏమిటో గమనించాలి. వట్టి కాళ్లు అనే ఆచారం పాతదే. కొత్తగా వచ్చినది, ఎవరికీ మినహాయింపు లేదని చెప్పగల అధికారం. మినహాయింపు పోయిన రోజున ఆచారం అందరికీ గౌరవంగా మారింది.

చెప్పులు లేనివారి ప్రయాణం

ఇంతవరకు చెప్పుకొన్నది చెప్పులు ఉండి విడిచినవారి కథ. అసలు చెప్పులే లేనివారి కథ వేరు. ఆ కథలో మనవారు ఉన్నారు.

కాకినాడ దగ్గర కోరంగి అనే పాత రేవు ఉన్నది. 1839 నాటి తుపానులో అది ధ్వంసమైంది. రేవు పోయినా పేరు పోలేదు. ఆ తీరం నుంచి బర్మా వెళ్లిన తెలుగువారందరినీ అక్కడ "కోరంగీలు" అని పిలిచారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే, వారిలో తెలుగువారు చాలామంది. ఓడరేవులో బస్తాలు మోసినది, మిల్లులలో పనిచేసినది, వీధులలో రిక్షాలు లాగినది ఎక్కువగా వీరే. విహారయాత్రికుడు బూట్లతో రిక్షాలో కూర్చొని ష్వేడగాన్ చూడబోతే, అతనిని అక్కడికి చేర్చినవి వట్టి కాళ్లే. ఆ కాళ్లకు చెప్పులు లేనిది భక్తి వల్ల కాదు, పేదరికం వల్ల. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడిన తరువాత లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి స్వదేశానికి కాలినడకన బయలుదేరారు. ఆకలితో, రోగాలతో వేలమంది దారిలోనే కన్నుమూశారు.

మన నాటాల్ కథ కూడా ఇటువంటి పాదాలతోనే మొదలైంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి "ట్రూరో" ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు వచ్చిన ఒప్పంద కూలీలు మొత్తం 1,52,184 మంది. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువారు వారిలో ఉన్నారు. మా కుటుంబం కూడా అలా వచ్చినదే. మా తాతగారిది ఒకే ఒక పాత ఛాయాచిత్రం మా ఇంట్లో ఉన్నది. కోటు తొడుక్కొని, తలపాగా చుట్టుకొని నిటారుగా నిలబడ్డారు. కాళ్లకు మాత్రం ఏమీ లేదు. చిన్నప్పుడు ఆ ఛాయాచిత్రాన్ని ఇంటికి వచ్చినవారికి చూపడానికి మా ఇంట్లో కొందరు మొహమాటపడేవారు.

ఆ మొహమాటానికి జవాబు కూడా ఈ ఊరి చరిత్రలోనే ఉన్నది. 1893లో డర్బన్ న్యాయస్థానంలో తలపాగా తీయమన్నప్పుడు యువ న్యాయవాది గాంధీ తీయకుండా బయటకు నడిచాడు. ఇరవై ఏళ్ల తరువాత, 1913లో, ఒప్పందం ముగిసిన కూలీల మీద వేసిన మూడు పౌన్ల పన్నుకు వ్యతిరేకంగా పెద్ద సమ్మె జరిగింది. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు కాలినడకన నాటాల్ సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లో అడుగుపెట్టారు. సమ్మెలో కొందరు కూలీలు తుపాకి గుండ్లకు బలి అయ్యారు. డిసెంబరులో చెర నుంచి విడుదలైన గాంధీ డర్బన్ సభకు వచ్చినప్పుడు ఒంటి మీద కూలీ దుస్తులు ఉన్నాయి. తల గొరిగించుకొన్నాడు. కాళ్లకు చెప్పులు లేవు. అది చనిపోయినవారి కోసం పాటించిన శోకం. ఎవరూ విడవమనలేదు, తానే విడిచాడు. అంతవరకు పేదరికానికి గుర్తుగా ఉన్న వట్టి కాలు ఆ రోజు ఆ సభలో గౌరవచిహ్నమైంది. మరుసటి సంవత్సరం ఆ పన్ను రద్దయింది.

నేటి యాత్రికులకు

ఈనాడు ఏ దేశాధినేత అయినా ష్వేడగాన్ మెట్ల దగ్గర ఆగవలసిందే. 2012 నవంబరులో అమెరికా అధ్యక్షుడు ఒబామా అక్కడ వట్టి కాళ్లతోనే నడిచారు. 1997లో ఎలిజబెత్ రాణి అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలో బూట్లు విడిచి మేజోళ్లతో ప్రవేశించారు. మిండన్ కాలంలో రాజ్యాల మధ్య తగవైన విషయం ఇప్పుడు వార్తాపత్రికలో ఒక ఛాయాచిత్రం మాత్రమే.

మన పిల్లలు సెలవులలో చాలా దేశాలు చూస్తున్నారు. బర్మా పగోడాలలో, మసీదులలో, గురుద్వారాలలో చెప్పులు విడవవలసి వచ్చినప్పుడు, అది తమ ఇంటి మర్యాదే అని వారికి తెలియాలి. కొన్ని చోట్ల తల కప్పుకోమంటారు, కొన్ని చోట్ల టోపీ తీయమంటారు. ఏ ఇంటి మర్యాద ఆ ఇంటిది. అతిథి అడిగి తెలుసుకొని పాటిస్తే చాలు.

మన ఆలయానికి కూడా ఇతర మతాల విద్యార్థులు, పర్యాటకులు వస్తూ ఉంటారు. వారికి గోడ మీది పలకను వేలితో చూపి ఊరుకోవడం కన్న, పక్కన నిలబడి రెండు మాటలు చెప్పడం మేలు. ఇక్కడ ధర్మకర్తలైనా, దాతలైనా, మంత్రులైనా అందరూ ఈ మెట్టు దగ్గరే విడుస్తారని చెప్పాలి. ఆ మాట నిజంగా ఉండేటట్లు చూసుకోవలసినది మనమే. పెద్దవారు వచ్చారని ఎవరికైనా ఒక్కరికి మినహాయింపు ఇచ్చామా, మిగిలినవారందరూ విడిచినది గౌరవంగా కాక లోకువగా మారుతుంది. బర్మా ప్రజలు పోరాడి సాధించుకొన్నది ఆ ఒక్క మాటనే.

"ఎందుకు విడవాలి?" అని అడిగిన చిన్నారికి ఇప్పుడు ఇంత జవాబు ఉన్నది. వచ్చే తరగతిలో చెబుతాను. తల్లిదండ్రులు ఇంటి దగ్గర ముందుగానే చదివి వినిపిస్తే మరీ సంతోషం.