ట్రావెల్ ట్రైలర్ టైర్ల ఎంపిక

కారు లేదా పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాగుకొనిపోయే చక్రాల ఇంటిని ట్రావెల్ ట్రైలర్ అంటారు. దీనికి సొంత ఇంజను ఉండదు. లోపల పడకలు, వంటగది, స్నానపు గది, నీటి తొట్లు, గ్యాసు పొయ్యి అమర్చి ఉంటాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను వీటి వాడకం ఎక్కువ. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు గల పెద్ద ట్రైలరు నీళ్ళు, సామాను నింపిన తరువాత నాలుగు టన్నులు దాటడం సాధారణం. ఈ బరువులో అధిక భాగాన్ని మోసేవి ఆ నాలుగు టైర్లే. అవి పాతబడి కొత్తవి కొనవలసి వచ్చినపుడు, తక్కువ ఖర్చుతో సరైన టైర్లను ఎంచుకోవడం ఎలా అన్నది ఈ వ్యాస విషయం. ముందుగా బరువు మోసే శక్తిని నిర్ణయించుకొని, ఆ శక్తి గల టైర్లలో మాత్రమే ధరలు పోల్చడం ఇందులోని ప్రధాన సూత్రం.

ట్రైలరు టైర్ల మీద పడే శ్రమ

ట్రైలరు చక్రాలు బండిని ముందుకు నడపవు, దిశ మార్చవు. బరువు మోస్తూ వెంట దొర్లడమే వాటి పని. అయినప్పటికీ వాటి శ్రమ తక్కువది కాదు. రెండు ఇరుసులు దగ్గర దగ్గరగా ఉండి, రెండూ పక్కకు తిరగని రకానికి చెందినవి కావడం చేత, ఇరుకు మలుపులలో టైర్లు రోడ్డు మీద పక్కకు ఈడ్చుకుపోతాయి. అప్పుడు టైరు లోపలి పొరల మధ్య ఒరిపిడి ఎక్కువవుతుంది. పైగా ఈ బండ్లు సంవత్సరంలో చాలా నెలలు ఒకే చోట ఎండలో నిలిచి ఉంటాయి. అందుచేత ట్రెడ్డు అరగక ముందే రబ్బరు పాడవుతుంది. పైకి కొత్తదిలా కనిపించే టైరు లోపల బలహీనపడి ఉండవచ్చు.

గాలి తగ్గినా, బరువు మించినా టైరు పక్కగోడలు ఎక్కువగా వంగుతాయి. వంగినకొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడికి ట్రెడ్డు, దాని కింది ఉక్కు తీగల పొరలు విడిపోతాయి. ఊడిన ట్రెడ్డు చక్రంతోపాటు వేగంగా తిరుగుతూ ట్రైలరు అడుగు భాగాన్ని, విద్యుత్ తీగలను, నీటి గొట్టాలను, కొన్నిసార్లు గ్యాసు గొట్టాన్ని కూడా చీల్చివేస్తుంది. ముందు వాహనం నడిపే వ్యక్తికి ఈ సంగతి వెంటనే తెలియకపోవచ్చు. ఒక టైరు పగిలితే అదే వైపున్న రెండవ టైరు మీద దాదాపు రెట్టింపు బరువు పడుతుంది గనుక, దానిని కూడా నమ్మడానికి వీలులేదు. ఈ మరమ్మతుల ఖర్చు నాలుగు టైర్ల ధరను మించిపోవచ్చు.

టైరు మీది గుర్తులు

ఇటువంటి ట్రైలర్లకు ఎక్కువగా వాడే ఒక కొలత ఎస్‌టీ225/75ఆర్15. ఇందులో ఎస్‌టీ అనగా ట్రైలర్లకు ప్రత్యేకించినది అని అర్థం. 225 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనేది వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలుపుతుంది. ఆర్ అంటే రేడియల్. 15 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాలలో.

దీని పక్కన బరువు శ్రేణిని తెలిపే అక్షరం ఉంటుంది. పై కొలత గల టైరుకు సాధారణంగా వర్తించే శ్రేణులు ఇవి:

సి శ్రేణి: 6 ప్లై రేటింగు, 50 పీఎస్‌ఐ గాలితో 2,150 పౌండ్లు (975 కిలోలు)
డి శ్రేణి: 8 ప్లై రేటింగు, 65 పీఎస్‌ఐ గాలితో 2,540 పౌండ్లు (1,150 కిలోలు)
ఇ శ్రేణి: 10 ప్లై రేటింగు, 80 పీఎస్‌ఐ గాలితో 2,830 పౌండ్లు (1,285 కిలోలు)

ప్లై రేటింగు బలాన్ని సూచించే అంకె మాత్రమే. టైరులో నిజంగా అన్ని పొరలు ఉన్నాయని దాని అర్థం కాదు. పై పట్టికలో గమనించదగినది మరొకటి ఉన్నది. బరువును మోసేది టైరులోని గాలి. ఇ శ్రేణి టైరు కొని అందులో 65 పీఎస్‌ఐ గాలి మాత్రమే నింపితే అది డి శ్రేణి టైరు మోసేటంత బరువునే మోస్తుంది. అదనపు సొమ్ము చెల్లించిన ఫలితం దక్కాలంటే అదనపు గాలి కూడా నింపాలి.

వేగ పరిమితిని తెలిపే అక్షరం కూడా ఉండవచ్చు. జె అంటే గంటకు 100 కిలోమీటర్లు, ఎల్ అంటే 120, ఎమ్ అంటే 130, ఎన్ అంటే 140. ఏ అక్షరమూ లేని ఎస్‌టీ టైరును గంటకు 65 మైళ్ళు, అనగా సుమారు 105 కిలోమీటర్ల వేగానికి మించి నడపరాదు.

ప్రమాణాలు

ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్లు విఫలమై అనేక మరణాలు సంభవించిన తరువాత, 2000 సంవత్సరంలో అమెరికా కాంగ్రెసు ట్రెడ్ చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టం ఫలితంగా కార్లు, తేలిక ట్రక్కుల రేడియల్ టైర్లకు 139వ సంఖ్య గల కఠినమైన సమాఖ్య ప్రమాణం వచ్చింది. ఎస్‌టీ టైర్లను మాత్రం దాని పరిధిలో చేర్చలేదు. అవి పాతదైన 119వ ప్రమాణం కిందనే ఉండిపోయాయి. కాబట్టి ట్రైలరు టైరు చట్ట ప్రకారం సరైనదైనంత మాత్రాన కారు టైరుకు జరిగిన పరీక్షలన్నీ దానికీ జరిగాయని భావించరాదు.

ఒక ఇరుసుకు ఉన్న టైర్ల మొత్తం శక్తి, ఆ ఇరుసు బరువు పరిమితికి తగ్గకూడదన్నది చట్టం విధించే కనీస నియమం. అమెరికాలోని ఆర్‌వీ పరిశ్రమ సంఘం 2017లో దీనికి తోడుగా, ట్రావెల్ ట్రైలర్ల టైర్లకు ఇరుసు పరిమితి కంటే 10 శాతం అదనపు శక్తి ఉండాలని తన సభ్యులకు నిబంధన పెట్టింది. అంతకు ముందు తయారైన ట్రైలర్లకు ఈ మిగులు లేకపోవచ్చు. అటువంటి బండికి పాత టైరు మీది కొలతలనే చూసి అవే మళ్ళీ కొంటే ఆ లోటు అలాగే ఉండిపోతుంది.

బరువు లెక్క

ట్రైలరు ఎడమ పక్కన, ముందు సగభాగంలో, తయారీదారు అతికించిన పట్టీ ఉంటుంది. అందులో బండి మొత్తం బరువు పరిమితి, ఒక్కొక్క ఇరుసు పరిమితి, టైరు కొలత, నింపవలసిన గాలి పీడనం రాసి ఉంటాయి. ఇవి పరిమితులే గాని, బండి అసలు బరువు కాదు. అసలు బరువు తెలుసుకోవడానికి ప్రయాణానికి సిద్ధం చేసిన ట్రైలరును వేబ్రిడ్జి మీద తూచాలి. హైవేల పక్కన ట్రక్కులు ఆగే చోట్ల ఉండే వేబ్రిడ్జిలలో ఈ పని కొద్దిపాటి రుసుముతో పూర్తవుతుంది. టైర్లకు పెట్టే సొమ్ముతో పోలిస్తే ఇది స్వల్పం.

ఉదాహరణకు ఒక ట్రైలరు మొత్తం 9,500 పౌండ్లు (సుమారు 4,310 కిలోలు) తూగిందనుకుందాం. ఇందులో 1,100 పౌండ్లు లాగే వాహనం కొక్కెం మీద పడతాయి. మిగిలిన 8,400 పౌండ్లు నాలుగు టైర్ల మీద పడతాయి. సగటున ఒక్కొక్క దాని మీద 2,100 పౌండ్లు. ఒక్కొక్క ఇరుసు పరిమితి 4,400 పౌండ్లు అయితే, ఒక్కొక్క టైరుకు కనీసం 2,200 పౌండ్ల శక్తి కావాలి. సి శ్రేణి టైరు శక్తి 2,150 పౌండ్లే గనుక అది పనికిరాదు. డి శ్రేణి టైరుకు సగటు బరువు మీద సుమారు 17 శాతం, ఇ శ్రేణి టైరుకు సుమారు 26 శాతం శక్తి మిగులుతుంది.

అయితే బరువు నాలుగు చక్రాల మీద సమానంగా ఉండదు. వంటగది, ఫ్రిజ్, నీటి తొట్టి ఒకే వైపున ఉంటే ఆ వైపు టైర్లు ఎక్కువ మోస్తాయి. పై ట్రైలరులో ఒక చక్రం మీద 2,350 పౌండ్లు పడితే డి శ్రేణి టైరుకు మిగిలేది 7 శాతం పైచిలుకు మాత్రమే. ఇ శ్రేణి టైరుకు అప్పుడు కూడా 17 శాతం మిగులుతుంది. ఈ కారణం చేతనే బరువైన ట్రైలర్లకు ఒక శ్రేణి పైమెట్టు టైరు కొనమని సలహా ఇస్తుంటారు. బరువు తక్కువగా ఉండి రెండు వైపులా సమంగా ఉన్నట్లు తూకంలో తేలితే, పైమెట్టు టైరుకు ఖర్చు పెట్టనవసరం లేదు.

ఎల్‌టీ టైర్లు, కారు టైర్లు

తేలిక ట్రక్కుల కోసం తయారయ్యే ఎల్‌టీ టైర్లను కొందరు ట్రైలర్లకు వాడతారు. ఇవి 139వ ప్రమాణం పరిధిలోనివి. కాని ఒకే కొలతలో ఇవి మోసే బరువు తక్కువ. 235/85ఆర్16 కొలతలో ఇ శ్రేణి ఎస్‌టీ టైరు 3,640 పౌండ్లు మోస్తే, అదే శ్రేణి ఎల్‌టీ టైరు మోసేది 3,042 పౌండ్లు. కాబట్టి 16 అంగుళాల రిమ్ములుండి, ఈ తగ్గిన శక్తి కూడా సరిపోతుందని తూకంలో తేలినపుడే ఎల్‌టీ టైర్ల వైపు చూడాలి. 15 అంగుళాల రిమ్ములకు తగినంత శక్తి గల ఎల్‌టీ టైర్లు దొరకడం తక్కువ.

కారు టైరును ట్రైలరుకు వాడితే, దాని మీద రాసిన బరువును 1.10తో భాగించి లెక్కలోకి తీసుకోవాలని అమెరికా నిబంధన. బరువైన ట్రావెల్ ట్రైలరుకు అవి తగవు.

రిమ్ములు, వాల్వులు

శ్రేణి పెంచేటప్పుడు టైరుతో పాటు రిమ్మును కూడా చూడాలి. రిమ్ము మోయగల బరువు సాధారణంగా దాని వెనుక భాగంలో అచ్చు వేసి ఉంటుంది. 65 పీఎస్‌ఐకి ఉద్దేశించిన రిమ్ము మీద 80 పీఎస్‌ఐ టైరు ఎక్కించరాదు. మామూలు రబ్బరు వాల్వులు 65 పీఎస్‌ఐ వరకే పనికివస్తాయి. అంతకు మించితే అధిక పీడనానికి తగిన వాల్వులు, వీలైతే మరతో బిగించే లోహపు వాల్వులు వేయించాలి. టైరు వెడల్పు లేదా ఎత్తు మారితే చక్రానికీ, పైనున్న గోడకూ, పక్క చక్రానికీ మధ్య ఖాళీ చాలుతుందో లేదో కొలిచి చూడాలి.

తయారీ తేదీ

అమెరికాలో అమ్మే ప్రతి టైరు మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం అన్నమాట. పూర్తి సంకేతం ఒక పక్కగోడ మీదనే ఉండవచ్చు గనుక, అది లోపలి వైపుకు తిరిగి ఉంటే బండి కింద నుండి చూడవలసి వస్తుంది. ట్రైలరు టైర్లను మూడు నుండి ఐదు సంవత్సరాలలో మార్చాలని తరచుగా సూచిస్తారు. అందుచేత దుకాణంలో రెండు సంవత్సరాలు నిలవ ఉన్న టైరును తగ్గింపు ధరకు కొనడం ఆదా కాదు. దాని ఆయుష్షులో చాలా భాగం అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

ఖర్చు తగ్గించుకొనే మార్గాలు

ధర పోల్చేటప్పుడు టైరు ధరకు బిగింపు, వాల్వులు, బ్యాలెన్సింగు, పాత టైర్ల పారవేత రుసుములు కలిపి చూడాలి. ఒక దుకాణంలో టైరు చవకగా కనిపించినా ఈ రుసుములన్నీ కలిపితే మొత్తం మరొక చోటి కంటే ఎక్కువ కావచ్చు.

నాలుగు టైర్లు కొని, పాత వాటిలో వయసు తక్కువైన మంచి టైరును స్టెప్నీగా ఉంచుకోవడం ఒక పద్ధతి. అయితే స్టెప్నీకి కూడా అవసరమైన బరువు శ్రేణి ఉండాలి. వాహనం మీద ఉన్న స్టెప్నీ వాడకపోయినా వయసు పెరుగుతుంది. టైర్లలో నైట్రోజన్ నింపించడానికి అదనంగా చెల్లించనవసరం లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉన్నది.

సెకండ్ హ్యాండ్ టైర్లను తీసుకోకపోవడం మంచిది. అవి గతంలో గాలి లేకుండా నడిచాయో, అధిక బరువు మోశాయో పైకి చూసి చెప్పడం సాధ్యం కాదు. చవకగా దిగుమతి అయ్యే టైర్లకు ట్రైలరు యజమానులలో చైనా బాంబులు అనే పేరు వాడుకలోకి వచ్చింది. కాని దేశాన్ని బట్టి మాత్రమే టైరు మంచిచెడ్డలు నిర్ణయించడం సరికాదు. శక్తి మిగులు లేని బండికి వేసి, గాలి తగ్గించి నడిపితే ఏ టైరైనా పగులుతుంది. 2017లో గుడ్‌ఇయర్ సంస్థ తన మారథాన్ రకం స్థానంలో అమెరికాలో తయారైన ఎండ్యూరెన్స్ రకాన్ని ప్రవేశపెట్టింది. అటువంటి ఖరీదైన రకాలకు కూడా బరువు, గాలి నియమాలు ఒకటే.

బిగించిన తరువాత

గాలిని ప్రయాణానికి ముందు, టైర్లు చల్లగా ఉన్నపుడు చూడాలి. ఉష్ణోగ్రత సుమారు 5.5 సెల్సియస్ డిగ్రీలు మారితే పీడనం దాదాపు 2 శాతం మారుతుంది. దారిలో వేడెక్కి పీడనం పెరిగినపుడు గాలి తీసివేయరాదు. కొత్త చక్రాల నట్లను మొదటి 50 మైళ్ళలోపు మళ్ళీ బిగించి చూడాలి. టైర్ల డాట్ సంకేతాన్ని తయారీదారు వద్ద నమోదు చేయిస్తే, లోపం బయటపడి వెనక్కి పిలిచినపుడు కబురు అందుతుంది. దీనికి ఖర్చు ఏమీ లేదు. మిగిలిన డబ్బుతో ఏదైనా ఒక్కటి కొనదలచుకుంటే, గాలి తగ్గగానే లాగే వాహనంలో హెచ్చరించే పరికరం ఉపయోగకరమైనది. ట్రైలరు టైరులో గాలి తగ్గడాన్ని నడిపే వ్యక్తి స్టీరింగు ద్వారా గ్రహించడం కష్టం గనుక, ఆ హెచ్చరిక టైరు పగలక ముందే బండిని ఆపే అవకాశం ఇస్తుంది.