పెళ్లి పిలిస్తేనే పాట బతుకుద్ది

సెలవులకి వీరులపాడు దగ్గర మా తండాకి వెళ్తే, అక్క పెళ్లికి డీజే మాట్లాడుతున్నారు. అందుకే ఈ పోస్టు.

మా వైపు నుంచి కృష్ణ దాటితే అమరావతి. అక్కడి స్తూపానికి చెక్కిన సుమారు 1800 ఏళ్ల నాటి శిల్పాల్లో ఆడవాళ్లు విల్లులా వంగిన వీణ మీటుతుంటారు. ఇంగ్లీషులో హార్ప్ అనేది ఈ జాతి వాయిద్యమే. రాజుల కొలువుల్లో అది ఎప్పుడో మాయమైంది. కానీ మధ్యప్రదేశ్‌ మండ్లా వైపు గోండుల గాయకులైన పర్ధాన్ల చేతుల్లో ఐదు తీగల 'బీన్ బాజా'గా 20వ శతాబ్దం దాకా మిగిలింది. మన ఆదిలాబాద్ ప్రధాన్లది కమానుతో వాయించే కిక్రి. గోండుల వంశకథలు పాడేది వాళ్లే, పెళ్లిళ్లకి వాయించేదీ వాళ్లే. గోండు ఇళ్లు పిలిచి ధాన్యం, కానుకలు ఇచ్చాయి కాబట్టే పుస్తకంలో లేని చరిత్ర నిలబడింది.

మన లంబాడీలకి ఢావ్లో ఉంది. పెళ్లికూతురు పుట్టింటిని తలుచుకుని ఏడుస్తూ పాడేది. నానమ్మకి ఆ పాటలన్నీ వచ్చు, అక్కకి రెండే వచ్చు. అప్పగింతలప్పుడు ఒక్క గంట డీజే ఆపమని అడిగా. నాన్న ఇంకా సరే అనలేదు. అక్క మాత్రం రోజూ రాత్రి నానమ్మ పక్కన కూర్చుని మూడో పాట నేర్చుకుంటోంది.

మీ ఇళ్లల్లో కూడా అడిగి చూడండి.