ఒడ్డాది మత్స్యవంశము

తమ పుట్టుకను చేపతో ముడివెట్టుకొన్న వంశములు మన దేశమున పెక్కు గలవు. రాజస్థానమందలి మీనాలు మత్స్యావతారమును తమ మూలముగా జెప్పుకొందురు. విరాటుని మత్స్యదేశము తమ పూర్వుల దందురు. అట్టి కథ యొకటి మన యుత్తరాంధ్రమునను గలదు.

ఇప్పటి శ్రీకాకుళ విజయనగర సీమలను కళింగగాంగు లేలుచుండిన కాలమున, మాడుగుల కొండల చేరువ నొడ్డాదియందు మత్స్యవంశీయులు సామంతులై యుండిరి. వారిలో నర్జునుడనువాడు శకవర్షము 1191, అనగా క్రీ. శ. 1269 లో నిచ్చిన దిబ్బిడ తామ్రశాసనము వంశకథను జెప్పుచున్నది. తపోభంగమునకై యింద్రుడు మంజుఘోషయను నప్సరసను బంపెనట. ముని కోపించి చేపవు గమ్మని శపించెను. ఆ చేపకు మునివలన సత్యమార్తాండుడు పుట్టెను. ఉత్కలరాజగు జయత్సేనుడు తన కూతురు ప్రభావతిని వానికిచ్చి, ఒడ్డవాది నేలుకొమ్మనెను.

భారతము నెఱిగినవారి కీ కథ క్రొత్త గాదు. ఆదిపర్వమున శాపగ్రస్తయగు అద్రిక చేపయై యిరువురు బిడ్డలను గన్నది. ఒకే కడుపున బుట్టిన వారిలో మగశిశువు మత్స్యరాజయ్యెను. ఆడుశిశువు జాలరి యింట బెరిగి పడవ నడపెను. పుట్టుక యొక్కటియే; పెంపకమే వేఱు. వంశగౌరవము రక్తమున నున్నదనువా రీ కథను మరల జదువవలెను.

శాసనకథలో మాకు చరిత్రగా దోచునది తుదిభాగమే. కొండసీమ నాయకుడు బలవంతుడగు రాజుతో వియ్యమంది యధికారము పొందెను. పిదప నయ్యధికారమునకు దివ్యజన్మ మమర్పబడెను. అయితే చేప యెక్కడిది? హుకుంపేట ప్రాంతమున మాచేటి మత్స్యగుండములో చేపలను పవిత్రములని జనులు కాపాడుచు వచ్చిరి. మాడుగుల ప్రభువులు మత్స్యదేశపు రాజుల సంతతివారమనుకొని, చేపయాకారముగల ఱాతిపీఠముపై బట్టాభిషిక్తు లగుదురనియు, వారి జెండాపై చేప గలదనియు 1907 నాటి విశాఖపట్టణ మండల గెజెటీరు చెప్పుచున్నది. ఏటిగట్టున గొలువబడిన చేపయే రాజచిహ్నమైనదని మా యూహ. అయినను కథలో మునికిని, అప్సరసకును, రాజునకును చోటు దొరకెను గాని కొండప్రజలకు దొరకలేదు.

ఈ శాసనమును బరిష్కరించి ప్రకటించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940). రాగిరేకులను జదివిన యా పండితుడే సవరల నడుమ గూర్చుండి వారి భాషను నేర్చి, 1931 లో దాని వ్యాకరణమును, 1938 లో నిఘంటువును వెలువరించెను. రాజుల మాటయు, రాజులు వ్రాయింపని ప్రజల మాటయు రెండును వినుటయే చరిత్ర.

మన యిండ్లలో బిడ్డలకు గోత్రప్రవరలు నేర్పుచున్నాము, నేర్పవచ్చును. వానితోబాటు, పెద్దవంశము లెట్లు కూర్పబడినవో కూడ జెప్పిన యెడల, పొరుగువాని కులమడుగుటకు ముందు వారొక క్షణ మాగుదురు. ఆ క్షణముకొఱకే మే మీ పాతరేకులను విప్పితిమి.