ఆరాధనలో ఆసనము: నేల, బెంచీ, కుర్చీల చరిత్రపై కొన్ని పరిశీలనలు

సంఘచరిత్ర వ్రాయునప్పుడు మనము సాధారణముగా మహాసభలను గురించి, సిద్ధాంత వివాదములను గురించి, మిషనెరీల రాకను గురించి వ్రాస్తాము. ఆరాధనకు వచ్చినవారు దేనిమీద కూర్చున్నారు, ఎవరి ప్రక్కన కూర్చున్నారు అనే ప్రశ్న వీటి ముందు చిన్నదిగా కనబడుతుంది. అయితే యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో పక్షపాతమును ఖండించుటకు ఎన్నుకొన్న ఉదాహరణ సరిగ్గా ఇదే. బంగారు ఉంగరము గలవానికి మంచి చోటు, మాసిన బట్టలవానికి నిలబడే చోటో లేక పాదపీఠము దగ్గర నేలో. ఆసనపు ఆకారము మనిషి ఒడలిని ఒక తీరున వంచుతుంది. ఆ తీరు కొంతకాలానికి మర్యాద అవుతుంది. ఆ మర్యాద తెలిసినవారు, తెలియనివారు అని మనుషులు వేరుపడతారు. ఈ క్రమమును ఆరాధనా స్థలములలో పరిశీలించుట మా ఉద్దేశము.

ముందుగా మాటలను గూర్చి ఒక సంగతి. మన 'కుర్చీ' అరబీ 'కుర్సీ' నుండి పారశీ, ఉర్దూల మీదుగా వచ్చినది. హెబ్రీలో సింహాసనమునకు వాడే 'కిస్సే' కూడా ఆ కుటుంబపు మాటే. అంటే కుర్చీ పుట్టుకలోనే అధికారము ఉన్నది. 'బెంచీ' ఇంగ్లీషు నుండి వచ్చినది. తెలుగు ఇంటిలో అంతకు ముందున్నవి చాప, పీట, మంచము, అరుగు. వీటిలో దేనిమీద ఎవరు ఎవరి యెదుట కూర్చోవచ్చునో ఊరిలో ప్రతివారికి తెలుసు.

యూదుల ఆచారములో బోధకుడు కూర్చుండి బోధించేవాడు. నజరేతు సమాజమందిరములో యేసు గ్రంథము చదువుటకు నిలుచుండి, బోధించుటకు కూర్చున్నట్లు లూకా నాలుగవ అధ్యాయములో ఉన్నది. ఈ ఆచారమే సంఘములో బిషప్పు పీఠముగా నిలిచినది. గ్రీకులో ఆసనమునకు 'కతేద్ర' అని పేరు, కతీడ్రల్ అనే మాట దాని నుండే పుట్టినది. మందిరమునకు పేరు తెచ్చినది గోపురము కాదు, గంట కాదు, ఒక కుర్చీ! గుడి కొనయందు అర్ధచంద్రాకారముగా ఉన్న చోట మధ్యను బిషప్పు, ఇరుప్రక్కల పెద్దలు కూర్చునేవారు.

మూడవ శతాబ్దములో సిరియా ప్రాంతమున వ్రాయబడిన 'దిదస్కాలియ' అనే సంఘక్రమ గ్రంథము ఈ విషయములో మిక్కిలి విలువైనది. పెద్దలు ఎక్కడ, పురుషులు ఎక్కడ, స్త్రీలు ఎక్కడ కూర్చోవలెనో అది చెప్తుంది, డీకను ఆ క్రమమును కాపాడాలంటుంది. లోకములో గౌరవము గలవాడు వచ్చినప్పుడు బిషప్పు వాక్యము ఆపి లేవనక్కరలేదు. కాని బీదవాడు, ముఖ్యముగా వృద్ధుడు వచ్చి చోటు దొరకకపోతే, బిషప్పు తానే నేలమీద కూర్చొనవలసి వచ్చినా అతనికి చోటు చూపవలెనని ఆ గ్రంథము ఆదేశిస్తుంది. ఇంత వివరముగా వ్రాయవలసి వచ్చినదంటే దీనికి విరుద్ధముగా జరుగుతూ ఉండెనని మనము గ్రహించవచ్చును.

నిలుచుటకు కూడ అర్థమున్నది. 325లో నీకయ సభ తన 20వ నియమములో ఆదివారములందును పెంతెకొస్తు దినములందును మోకరింపక నిలుచుండి ప్రార్థించవలెనని నిర్ణయించినది. ఆ కాలపు మందిరములలో ప్రజలకు ఆసనములు సాధారణము కాదు. రష్యాలోని ఆర్థడాక్స్ గుడులలో నేటికీ అధికముగా నిలుచుండియే ఆరాధిస్తారు. పడమటి మఠములలో సన్యాసులు గంటలకొలది నిలువలేక అవస్థ పడగా, మడత పీట అడుగున ఒక చిన్న చెక్క అమర్చారు. పీట పైకి మడిచినప్పుడు ఆ చెక్కమీద నడుము ఆనించి నిలిచినట్లే కనబడవచ్చును. దాని పేరు లాతీనులో కనికరము అనే మాట నుండి వచ్చినది. నియమము నిలిచినది, నడుమూ నిలిచినది. ఇంగ్లండులో ఎక్సెటర్ కతీడ్రలులో 13వ శతాబ్దపు ఇట్టి పీటలున్నవి.

ఇంగ్లండు పల్లె గుడులలో బెంచీలు 13వ శతాబ్దము నుండి కనబడి 15వ శతాబ్దములో విస్తరించినవి. సంస్కరణోద్యమము తరువాత ప్రసంగము ఆరాధనకు కేంద్రమైనది, ప్రసంగము పొడవైనది, కూర్చొనక తప్పలేదు. 17, 18 శతాబ్దములలో అది పెట్టె బెంచీగా మారినది. ఛాతీ ఎత్తు చెక్కగోడలు, ఒక తలుపు, దానికి తాళము. కొన్ని ధనిక కుటుంబముల పెట్టెలలో చలిమంట పొయ్యి సైతము ఉండేది. చలిగాలి తగలకుండుట ఒక కారణమే గాని, దాని ఫలితములు అంతటితో ఆగలేదు. లోపల ఎదురెదురుగా కూర్చుంటారు గనుక సగము మంది వీపు ప్రసంగికుని వైపు ఉంటుంది. ఇరుకు వలన మోకరించుట కష్టము. గోడల మీదుగా కనబడుటకు ప్రసంగవేదికను అంతస్తులుగా పైకి లేపవలసి వచ్చినది. నిద్ర వచ్చినా ఎవరికీ కనబడదు. విలియం హోగార్త్ 1736లో నిద్రపోతున్న సంఘమును చిత్రించాడు, ఆ నిద్రకు ప్రసంగికుని ఎంత నిందించవలెనో వడ్రంగినీ అంత నిందించవలెనని మా అభిప్రాయము.

పెట్టెకు అద్దె ఉండేది. కొన్నిచోట్ల ఇంటితోపాటు అది వారసత్వముగా సంక్రమించేది. అద్దె కట్టలేనివారికి నడవలో వీపులేని బల్లలు, లేదా మేడ. అమెరికాలోని న్యూ ఇంగ్లండు ఊళ్లలోనైతే ఒక కమిటీ కూర్చుండి వయస్సు, ఆస్తి, హోదా లెక్కించి ఎవరి చోటు ఏదో నిర్ణయించేది. అది ఊరి అంతస్తుల పటమే. ఇట్టి వ్యవస్థ మధ్య జాన్ వెస్లీ మెథడిస్టు ప్రార్థనా గృహములలో వీపులేని బల్లలు చాలునని, స్త్రీ పురుషులు వేరువేరుగా కూర్చోవలెనని విధించాడు.

ఆ మెథడిస్టుల మధ్యనే జరిగిన ఒక సంఘటన ఇక్కడ చెప్పవలసియున్నది. ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ గుడిలో నల్లవారిని మేడమీదికి పంపారు. అక్కడ రిచర్డ్ అలెన్, అబ్సలోం జోన్స్ మోకరించి ప్రార్థించుచుండగా, అది మీ చోటు కాదని ఒక ధర్మకర్త జోన్స్‌ను పట్టి లేపబోయాడు. ప్రార్థన ముగిసేవరకు ఆగమని జోన్స్ కోరినా అతడు వినలేదు. ప్రార్థన ముగియగానే నల్లవారందరు లేచి గుడి విడిచి వెళ్లారు. అలెన్ దీనికి 1787 సంవత్సరము చెప్పగా, మేడ కట్టిన కాలమును బట్టి కొందరు చరిత్రకారులు 1792 ప్రాంతమంటారు. 1794లో బేతేలు గుడి, 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘము ఏర్పడినవి. ఒక సంఘశాఖ పుట్టుకకు కూర్చొనే చోటు కారణమైనది.

ఇంగ్లండులో 1818 నాటి చట్టము కొత్త గుడులకు పది లక్షల పౌండ్లు కేటాయించి, బీదలకు ఉచిత స్థలములు ఉండవలెనన్నది. 1841లో జాన్ మేసన్ నీల్ పెట్టె బెంచీల చరిత్రపై ఒక పత్రము సమర్పించి వాటిమీద యుద్ధమే ప్రకటించాడు. తలుపులులేని పొట్టి బెంచీలు, మోకరించుటకు చోటు, అందరు తూర్పు ముఖము అన్నవి అతని పక్షమువారి కోరికలు. మన ప్రాంతపు పాత మిషను గుడులలో మనము చూచే తలుపులేని బెంచీ ఆ వాదములో గెలిచిన ఆకారమే.

మన దేశములో ఈ ప్రశ్న కులముతో ముడిపడినది. కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ 1833లో దక్షిణ దేశపు సంఘములకు వ్రాసిన లేఖలో కులభేదమును వెంటనే, పూర్తిగా విడువవలెనని ఆజ్ఞాపించాడు. గుడిలో వేరువేరు చోట్లు, ప్రభువు బల్లయొద్ద ముందు వెనుకలు ఆ ఆజ్ఞ క్రిందికే వచ్చినవి. తమిళ దేశములో అనేకులు దానిని ఒప్పుకొనక సంఘమునుండి తొలగిపోయారు. తిరునల్వేలి ప్రాంతములోని వడక్కన్‌కుళం కతోలిక గుడిలో కులములను వేరుచేసిన గోడ 1910లో గాని కూలలేదు.

తెలుగు పల్లె సంఘములలో చిరకాలము చాపయే ఆసనము. చెప్పులు బయట, స్త్రీలు ఒక ప్రక్క, పురుషులు ఒక ప్రక్క. చాపకు ఒక గుణమున్నది. "కొంచెము సర్దుకోండి" అంటే మరి నలుగురికి చోటు అవుతుంది, బిడ్డ తల్లి ప్రక్కనే నిద్రపోతుంది, మోకరించుటకు ఏ అడ్డూ లేదు. 1969లో రోము అనుమతించిన భారతీయకరణ పన్నెండు అంశములలో మొదటిది ఈ దేహస్థితిని గూర్చినదే. నేలమీద కూర్చొనుట, చెప్పులు విడుచుట మన సంస్కృతియని దాని సమర్థకులు చెప్పారు. ఆశ్రమములలో అది అందముగానే ఉన్నది. కాని ఏ సంస్కృతి, ఎవరిది అని 1980ల నుండి దళిత వేదాంతులు అడిగిన ప్రశ్నను దాటిపోలేము. దొర యెదుట మంచముపై కూర్చొనరాదు, అరుగు ఎక్కరాదు అన్న కట్టుబాటు క్రింద తరతరములు బ్రతికినవారికి నేల ఒక ధ్యానాసనము కాదు. మిషను బడిలోని బెంచీ వారి పిల్లలకు పరాయి వస్తువు కాక, మొదటిసారి అందరితో సమానముగా కూర్చున్న చోటైనది. ఇది పాతకాలపు సంగతి అనుకొనరాదు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాలులో కాలు తగిలినదని పుట్టిన తగవు 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసినది. కావున నేలయే భారతీయము, బెంచీ పాశ్చాత్యము అనే సులభ విభజనను మేము అంగీకరించలేము.

ఇప్పుడు బెంచీ స్థానమును ప్లాస్టిక్ కుర్చీ ఆక్రమించినది. 1972లో ఫ్రాన్సులో హెన్రీ మసోనే ఒకే అచ్చులో పోసి చేసిన కుర్చీ దీని పూర్వీకులలో ముఖ్యమైనది. చవక, తేలిక, ఒకదానిలో ఒకటి పేర్చవచ్చును, పెండ్లికీ కూటమికీ అవే సరిపోతాయి. మోకాళ్ల నొప్పులవారికి అది నిజముగా మేలు చేసినది. అయితే చేతులున్న కుర్చీ ఒక్కరికే చోటిస్తుంది, సర్దుకొనుటకు వీలులేదు. వరుసలు దగ్గరగా వేస్తే మోకరించుటకూ వీలులేదు. అందుచేత కూర్చొని తలవంచుట ప్రార్థనా స్థితిగా స్థిరపడుచున్నది, ఏ మహాసభ దానిని తీర్మానించలేదు. సభ అంతయు ఒకే రకపు కుర్చీలలో ఉండగా, వేదికమీద మాత్రము ఎత్తైన వీపుగల మెత్తని ఆసనములు వెలిసినవి. క్రింద పోయిన అంతస్తు పైకెక్కి కూర్చున్నట్లున్నది.

పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. పాత బెంచీల వీపులమీద దాతల పేర్లు, జ్ఞాపకార్థమని వ్రాసిన సంవత్సరములు ఉంటాయి. ఇవి ఏ రిజిస్టరులోను దొరకకపోవచ్చును. బెంచీలు తీసివేసి కుర్చీలు తెచ్చేముందు ఆ పేర్లను, ఏ బెంచీ ఏ వరుసలో ఉండెనో, దానిమీద ఎవరు కూర్చునేవారో వృద్ధులను అడిగి వ్రాసి ఉంచవలెను.