తెల్లవార్లూ ఆడేవారికి మంచినీళ్లు



మన ఊళ్లలో ఎండాకాలం వచ్చిందంటే చలివేంద్రం పెట్టమని ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. దాహమన్నవాడికి నీళ్లిచ్చే ముందు వాడి మంచిచెడ్డలు విచారించడం మన ఆచారంలో లేదు. అలాంటిది, 1990 ప్రాంతంలో ఇంగ్లండులో, రాత్రిపూట నడిచే నాట్యశాలల్లో గ్లాసెడు మంచినీళ్ల కోసం డాక్టర్లూ, నగరపాలక సంస్థలూ, సేవాసంస్థలూ కలిసి పాటుపడవలసి వచ్చింది. ఆ సంగతే ఈవేళ మీకు చెప్పబోతున్నాను. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మనం అనుకోకండి. బెంగుళూరుకో, చెన్నైకో, ముంబయికో చదువుకనీ ఉద్యోగానికనీ వెళ్లిన పిల్లలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు.

మాంచెస్టర్ పేరు చెబితే మనకు బట్టల మిల్లులు గుర్తుకొస్తాయి. ఆ మిల్లులు మూతపడ్డాక ఊళ్లో ఖాళీ గోదాములూ, పాత కట్టడాలూ మిగిలాయి. అలాంటి ఒక పాత కట్టడంలో 1982 మే నెలలో హసియెండా అనే క్లబ్బు తెరిచారు. ఒక రికార్డుల కంపెనీ, ఒక సంగీత బృందం కలిసి పెట్టిన క్లబ్బు అది. మొదట్లో పెద్దగా జనం లేరు. 1988 వచ్చేసరికి కొత్తరకం సంగీతం వచ్చింది. ఎడతెగని డోలు దెబ్బలాంటి యంత్ర సంగీతం. దానితో పాటే ఎక్స్‌టసీ అనే మాత్ర కూడా వచ్చింది. ఈ మందు కొత్తదేమీ కాదు. 1912లో జర్మనీలో మెర్క్ కంపెనీవారు తయారు చేసిందే. బ్రిటన్‌లో 1977 నుంచీ నిషేధంలో ఉంది. అయినా మాత్ర వేసుకుని తెల్లవార్లూ ఎగిరేవారు వేలల్లో తయారయ్యారు.

1989 జూలైలో ఆ హసియెండాలోనే 16 ఏళ్ల అమ్మాయి ఒకతె కుప్పకూలి, తరువాత ఆసుపత్రిలో చనిపోయింది. బ్రిటన్‌లో ఈ మందు వల్ల జరిగిన తొలి మరణాల్లో అదొకటి. ఆ తరువాత మరికొన్ని జరిగాయి. లండన్‌లో విషవైద్య నిపుణుడైన డాక్టర్ జాన్ హెన్రీ, ఆయన సహచరులు అలాంటి ఏడు మరణాలను పరిశీలించి 1992లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మాత్రలు వేసుకున్నవారు చాలావరకు మామూలు మోతాదే వేసుకున్నారు. మరి చంపిందేమిటి? ప్రధానంగా ఒంట్లో పెరిగిపోయిన వేడి. ఈ మందు శరీరం తన వేడిని తాను అదుపు చేసుకునే శక్తిని దెబ్బతీస్తుంది. అలసటా తెలియనివ్వదు. పైగా గాలి ఆడని హాలు, ఒకరినొకరు ఒరుసుకునే జనం, గంటల తరబడి గంతులు. వడదెబ్బ తగిలినవాడికి ఏమవుతుందో మీకు తెలుసు. ఎండ లేకుండా, అర్ధరాత్రి, నాలుగు గోడల మధ్య తగిలే వడదెబ్బ ఇది. రక్తం గడ్డకట్టే పద్ధతి చెడుతుంది, కండరాలు కరుగుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక్కడే వ్యాపారం అడ్డుతగిలింది. మాత్ర వేసుకున్నవాడు సారా, బీరు పెద్దగా కొనడు. బార్లకు రాబడి పడిపోయింది. దానికి కొందరు యజమానులు కనిపెట్టిన ఉపాయం వినండి. మరుగుదొడ్లలోని చన్నీళ్ల కుళాయిలు కట్టేసి, మంచినీళ్లను సీసాల్లో మంచి ధరకు అమ్మారు. మందు తినడం తప్పే, కాదనను. ఆ తప్పు చేసిన పిల్లవాడి దాహం మీద లాభం తీయడాన్ని మాత్రం ఏమనాలో నాకు తెలియదు.

మాంచెస్టర్‌లో లైఫ్‌లైన్ అనే సేవాసంస్థ, నగరపాలక సంస్థ కలిసి 1990ల మొదట్లో క్షేమంగా నాట్యం చేయడం గురించి ప్రచారం మొదలుపెట్టాయి. అడిగినవి ఘనమైన కోరికలు కావు. చన్నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, హాల్లోకి గాలి రావాలి, జనాన్ని పట్టినంతవరకే రానివ్వాలి, కాసేపు చల్లగా కూర్చోవడానికి వేరే గది ఉండాలి, ప్రథమ చికిత్స తెలిసిన సిబ్బంది ఉండాలి. 1996లో లండన్‌లో కూడా ఇలాంటి నియమావళే వెలువడింది. మందు తినేవారిని మీరు ప్రోత్సహిస్తున్నారని నింద వేసినవారూ ఉన్నారు.

ప్రభుత్వం దృష్టి మరో దారిలో పోయింది. 1992 మే నెలలో కాజిల్‌మోర్టన్ అనే పల్లె దగ్గర పచ్చికబీళ్లలో వేలమంది చేరి రోజుల తరబడి ఆడారు. దాంతో 1994లో చట్టం చేశారు. ఆరుబయట రాత్రివేళ జరిగే ఇలాంటి జాతరలను చెదరగొట్టే అధికారం పోలీసులకు వచ్చింది. మళ్లీ మళ్లీ మోగే దెబ్బలుండే సంగీతం అని సంగీత లక్షణాన్ని కూడా చట్టంలో రాశారు! 1997లో మందుల బెడద తీవ్రంగా ఉన్న క్లబ్బును వెంటనే మూయించే వీలు కల్పిస్తూ ఇంకో చట్టం వచ్చింది. క్లబ్బు మూతపడుతుందన్న భయముంటే, ఎవరైనా పడిపోయినప్పుడు అంబులెన్సును పిలవడానికి యజమాని వెనకాడడా అన్నది మీరే ఆలోచించండి.

ఈలోగా 1995 నవంబరులో ఎసెక్స్ జిల్లాలో 18 ఏళ్ల అమ్మాయి ఒకతె తన పుట్టినరోజు విందులో, ఇంట్లోనే, ఒక మాత్ర వేసుకుంది. నీళ్లు తాగాలని విన్నది కదా, గంటన్నర లోపల 7 లీటర్ల దాకా తాగింది. ఈ మందు మూత్రం రానివ్వని హార్మోనును పెంచుతుంది. తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోయి, రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు వాచి చనిపోయింది. నీళ్లు తాగండి అన్న సగం మాట చాలదని అప్పుడు తెలిసింది. చెమటోడ్చి ఆడేవారు గంటకు సుమారు అరలీటరు చొప్పున, కొంచెం కొంచెంగా తాగాలనీ, మధ్య మధ్య ఆగి సేదదీరాలనీ సలహాను దిద్దుకున్నారు.

2002లో బ్రిటన్ హోంశాఖే క్లబ్బుల క్షేమం మీద మార్గదర్శిని వెలువరించింది. 2010 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో మద్యం అమ్మే చోట, అడిగినవారికి కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది లైసెన్సు షరతు అయింది. నెదర్లాండ్స్‌లో 1992లోనే మాత్రలను పరీక్షించి చెప్పే ఏర్పాటు మొదలైంది. బ్రిటన్‌లో అది 2016లో ఒక సంగీతోత్సవంలో జరిగింది. పరీక్షకు తెచ్చిన అయిదింటిలో ఒకటి, అమ్మినవాడు చెప్పిన సరుకే కాదని తేలింది.

క్లబ్బుల్లో నిప్పు భయం మరో అధ్యాయం. మహారాష్ట్రలోని శ్రోతలకు 2017 డిసెంబరు నాటి ముంబయి కమలా మిల్స్ ప్రమాదం గుర్తుండే ఉంటుంది. 14 మంది పోయారు. 2025 డిసెంబరులో గోవాలోని అర్పోరా క్లబ్బులో 25 మంది. బయటికి పోయే దారి ఎక్కడుందో లోపలికి అడుగుపెట్టగానే చూసుకోమని, ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు మీ పిల్లలకు చెప్పండి. మాత్రల సంగతి మాట్లాడడం కష్టమనిపిస్తే, ముందు ఆ మాటతో మొదలుపెట్టవచ్చు.