తరుగు లెక్క

గడచిన వేసవిలో మా ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ ప్రాణం విడిచింది. ఆరేళ్ళు సేవ చేసినది, దానిని నిందింపవలసిన పని లేదు. క్రొత్తది కొనబోతే, పాతది తెచ్చి ఇస్తే ధరలో ఇంత తగ్గిస్తామని దుకాణదారు చెప్పాడు. నేను ఇంటికి వచ్చేసరికి మా వీధిలో పాత సామాన్లు కొనే అతడు గుమ్మం ముందు బండి ఆపుకొని నిలబడి ఉన్నాడు. కబురు అతనికెలా అందిందో నాకు తెలియదు. "షాపాయన తగ్గించేదానికన్నా మూడొందలు ఎక్కువే ఇస్తానండి మాస్టారూ" అన్నాడు. ఒకప్పుడు నా దగ్గర ఏడవ తరగతి చదివినవాడే. ఆలోచించి చెబుతానని పంపివేశాను. ఆ ఆలోచన ఎక్కడెక్కడికో నడిచింది. అది నడిచిన దారినే ఈ టపాలో వ్రాస్తున్నాను. కొంచెం దీర్ఘమైనది, మిత్రులు ఓపికతో చదువగలరు.

పాత లోహాన్ని కరిగించి మరల వాడుకోవడం మన కాలపు కనిపెట్టుడు అన్నట్లుగా ఇప్పటి పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. రీసైక్లింగు అనే మాట క్రొత్తది కావచ్చును, పని మాత్రం కొలిమి ఎంత పాతదో అంత పాతది. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో లోహాధ్యక్షుడనే అధికారిని పెట్టి రాగి, సీసము, తగరము, ఇత్తడి, కంచు పనులను అతని క్రింద ఉంచాడు. అంతటితో ఊరుకోలేదు. పనివానికి లోహపు ముద్ద ఇచ్చినప్పుడు ఎంత తగ్గి తిరిగి రావచ్చునో కూడ నిర్ణయించాడు. రాగి ముద్దలో పదవ వంతు, సీసము, తగరములలో ఇరవయ్యవ వంతు తరుగుగా ఒప్పుకొన్నాడు. అంతకు మించి తగ్గితే దండుగ. ఇప్పటికీ కంసాలి అంగడిలో ‘తరుగు’ అనే మాట వినగానే మన ఇల్లాండ్రు చెవులు నిక్కించడం చూస్తూనే ఉన్నాము. రెండు వేల ఏండ్లకు పైబడిన ఆ అనుమానం ఇంకా చల్లారలేదు.

ఆ గ్రంథంలోనే నన్ను మరింత ఆకర్షించిన నియమం వేరొకటి ఉన్నది. అనుమానింపదగిన చేతినుండి వెండి బంగారాలను అధికారులకు తెలుపకుండ కొన్న కంసాలికి, వస్తువు ఉన్న రూపంలోనే కొంటే పన్నెండు పణాలు, రూపు మారిన తరువాత కొంటే ఇరువది నాలుగు పణాలు, దొంగ చేతినుండి కొంటే నలుబది ఎనిమిది పణాలు దండన. రూపు మారితే దండన రెట్టింపు కావడాన్ని గమనింపవలెను. కరిగిన లోహానికి ఊరూ పేరూ ఉండవు. అది ఎవరి చెంబో, ఎవరి గంటో ఇక చెప్పేవారు లేరు. ఈనాడు రాగి తీగ దొంగతనం జరిగిన మరునాడు పోలీసులు మొట్టమొదట పాత ఇనుప సామాన్ల కొట్లకే వెళ్ళడంలో ఉన్న తర్కం కూడ అదే.

మన తెలుగునేలకు వస్తే, సీసానికీ మనకూ బంధుత్వం శాతవాహనుల నాటిది. వారు వెండి, రాగి నాణేలతో పాటు సీసపు నాణేలను విరివిగా వేయించారు. గోదావరి తీరాన కోటిలింగాల మొదలుకొని కృష్ణా తీరం వరకు అవి దొరికాయి. అంత సీసం ఎక్కడిది? క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్ర వర్ణనలో, పడమటి తీరపు రేవులకు వచ్చే సరుకులలో రాగి, తగరములతో పాటు సీసం కూడ ఉన్నది. ఓడలో వచ్చిన ముద్ద ఒక రాజు ముద్రతో నాణెమై ఉండవచ్చును. (ఇక్కడ ఒక పిల్లకాలువ. సీసపద్యానికీ ఈ సీసానికీ సంబంధమేమిటని పిల్లలు తరగతిలో అడుగుతూ ఉండేవారు. ఏమీ లేదు. పద్యానికి ‘శీర్షకము’తో చుట్టరికం చెబుతారు పెద్దలు. మందుసీసా మాట పారశీకం నుండి ఉర్దూ మీదుగా వచ్చింది. మూడు సీసాలూ మూడు ఇంటి పేర్ల వారు.)

ఇంటి లోహం సంగతి వేరు. మా అమ్మమ్మ ఇంట గంగాళం, గుండిగలు, కాగు, బిందెలు, మరచెంబులు ఇత్తడివి, అన్నం తినే పళ్ళేలు కంచువి. అవి వంటసామాను మాత్రమే అనుకొంటే పొరపాటు. బ్యాంకు మెట్లు ఎక్కని ఇల్లాలికి అదే నిలువ ధనం. పంట పోయిన యేడు బిందె తాకట్టుకు పోయేది, పంట వచ్చిన యేడు తిరిగి వచ్చేది. పాత్ర పగిలితే కంచరి మాటు వేసేవాడు. మాటుకు లొంగనినాడు తూకం వేసి తీసుకొని, కొంత కూలి పుచ్చుకొని, క్రొత్త పాత్ర ఇచ్చేవాడు. కాంస్యం కంచు అయినది, కంచు పని చేసేవాడు కంచరి అయినాడు. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా బుడితి, మా గోదావరి సీమలో పెరవలి దగ్గరి అజ్జరం, తెలంగాణంలో జనగామ ప్రక్కన పెంబర్తి ఈ పనికి పేరుపడ్డ ఊళ్ళు. ఇత్తడి పాత్రలో పులుపు చేరి చిలుము పట్టకుండ కళాయి పూసేవారు వేరుగా తిరిగేవారు. నవసాగరం పొగ లేవగానే, గుడ్డ ముక్కతో తగరాన్ని ఒక్కసారి తిప్పితే పాత్ర లోపల వెండి వెన్నెల. ఆ పొగ వాసన తెలిసిన బ్లాగరులు మనలో ఎందరున్నారో!

కరిగించడంలో ఒక దుఃఖం కూడ ఉన్నది. పాత్రల అంచున పేరు, తేదీ చెక్కించడం మన ఆచారం. ఏ పెండ్లికి ఎవరు పెట్టినదో ఆ గీతలే చెప్పేవి. మూసలో పడ్డాక బరువే మిగిలేది, పేరు తరుగులో పోయేది. తాళ్ళపాక వారి సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి, తిరుమల గుడిలో ఒక అరలో శతాబ్దాల పాటు ఉండి, గత శతాబ్దపు తొలి భాగంలో వెలుగు చూశాయంటే, అంత రాగి అన్నాళ్ళు ఎవరి మూసలోను పడకపోవడమే మన భాగ్యం.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు లోహానికి కరవు వచ్చింది. 1940 జూలైలో బ్రిటనులో విమానాల తయారీ కోసం గృహిణులు తమ అల్యూమినియం గిన్నెలు ఇవ్వవలసినదని మంత్రి బీవర్‌బ్రూక్ పిలుపునిచ్చాడు. ఇక్కడ 1940లోనే రూపాయిలో వెండి సగానికి పడిపోయింది. 1943లో లోహం పొదుపు కోసం నడుమ బెజ్జంతో కాణీలు వేశారు. అదే మన చిల్లికాణీ. యుద్ధం ముగిసి, దొరలు వెళ్ళి, నేను పుట్టిన తరువాత కూడ మా అమ్మమ్మ అటువంటి కాణీ ఒకటి నా మొలత్రాటికి కట్టింది. చక్రవర్తి కిరీటం నా బొడ్డు క్రింద వ్రేలాడేదన్నమాట.

ఈ లోగా ఇంకొక మార్పు వచ్చి ఉన్నది. 1898 ప్రాంతంలో మద్రాసు కళాశాలలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. తేలిక, చవుక, కళాయి అక్కరలేదు. పూర్వం చారు కాచుకొనే తగరపు గిన్నెకు వాడుతూ వచ్చిన ‘సత్తు’ అనే మాటను మన జనం ఈ క్రొత్త లోహానికి ఉదారంగా ఇచ్చివేశారు. ఆ తరువాత స్టీలు. 1970 దశకంలో మా ఇంట గంగాళం తూకానికి పోయి స్టీలు డబ్బాల వరుస వచ్చింది. మా అమ్మ సంతోషించింది. చింతపండు పెట్టి తోమే బాధ తప్పిందని ఆమె అన్న మాటలో నిజం ఉన్నది. పాత ఇత్తడిని తలచుకొని కన్నీరు కార్చే మగవారు ఒక్కనాడైనా దానిని తోమి ఉండరు. వారిలో నేనూ ఒకడిని.

కాని స్టీలుతో ఒక త్రాడు తెగింది. రాగి 1085 డిగ్రీల వద్ద, ఇత్తడి అంతకన్న ముందే కరుగుతాయి. ఊరి కొలిమి వాటికి చాలును. స్టీలుకు 1400 డిగ్రీల పైమాట. కంచరి దానికి మాటు వేయలేడు, కరిగించలేడు. పాత పాత్రకు క్రొత్త పాత్ర అనే లెక్క పోయి, పాత బట్టలకు స్టీలు సామాను అనే విచిత్రపు మారకం వీధిలోకి వచ్చింది. పాత ఇనుమిస్తే ఉల్లిపాయలు. కొలిమి చల్లారింది.

చల్లారిన కొలిమికి మరల పని పెట్టినది బ్యాటరీ. 1800లో వోల్టా తుత్తునాగము, వెండి బిళ్ళల నడుమ ఉప్పునీటి గుడ్డలు పేర్చి విద్యుత్తు పుట్టించాడు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లంలో ముంచి, మరల మరల నింపుకోదగిన బ్యాటరీ చేశాడు. 1866లో లెక్లాంషే చేసినది మన టార్చిలైటు బ్యాటరీకి తాత. తుత్తునాగపు గుల్ల, నడుమ బొగ్గు కడ్డీ, చుట్టూ మాంగనీసు నల్లపొడి.

ఆ నల్లపొడి దగ్గర నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. 1980 దశకంలో నేను మొదట పనిచేసిన పల్లెటూరి బడిలో నల్లబల్ల వెలిసిపోతే పాత బ్యాటరీలు తెమ్మని పిల్లలకు చెప్పేవాళ్ళం. వాటిని రాతితో పగులగొట్టి, పొడిని గుంటగలగరాకు రసంతో నూరి, బల్లకు పూయించేవాళ్ళం. నూరిన చేతులు పిల్లలవి. ఆ రోజులలో తుత్తునాగపు గుల్ల తినిపోకుండ కొద్దిగా పాదరసం కూడ కలిపేవారని నేను చాలా ఏండ్ల తరువాత చదివాను. బల్ల మాత్రం నిగనిగలాడేది. ఆ బల్ల మీద నేను సంధి సూత్రాలు వ్రాశాను.

ప్లాంటే బ్యాటరీ దీనికన్న వేయి రెట్లు గట్టిది. లారీలు, ట్రాక్టర్లు, ఆ పైన కరెంటు కోతల పుణ్యమా అని ఇంటింటా ఇన్వర్టర్లు. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కొలిమి కూడ అక్కరలేదు, కట్టెల పొయ్యి, ఇనుప మూకుడు చాలును. ఇక్కడనే పూర్వపు విద్య మనలను మోసగించింది. ఇత్తడిని కరిగించి పోత పోసిన చేతులే, అదే ధైర్యంతో, అదే పెరటిలో సీసం పోయసాగాయి. ఇత్తడి తరుగు మసిగా పోతుంది, సీసపు తరుగు దుమ్ముగా నేలలోను, అక్కడ ఆడే పిల్లల నెత్తురులోను చేరుతుంది. ఆ ఇరవయ్యవ వంతు ఎక్కడికి పోతున్నదో కౌటిల్యుడు అడుగలేదు. పోయిన బరువుకు దండుగ వేశాడు, అంతే.

సెనెగల్ దేశంలో డకార్ నగరం అంచున తియారోయ్ సుర్ మేర్ అనే పేట ఉన్నది. అక్కడి వారు పాత బ్యాటరీల సీసం కరిగించేవారు, సీసం కలిసిన ఇసుకను జల్లించి అమ్ముకొనేవారు. 2007 నవంబరు, 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది పిల్లలు మరణించారు. 2020లో యునిసెఫ్ ప్రకటించిన నివేదిక ప్రకారం లోకంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి నెత్తురులో సీసం హద్దు మించి ఉన్నది. దానికి ఇటువంటి పెరటి కొలుములు ఒక ముఖ్య కారణం. అదే సంవత్సరం డిసెంబరులో మా ప్రక్కనే ఏలూరులో వందలాది జనం మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ వారు నెత్తురు నమూనాలలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఇతర సంస్థలు పురుగుమందుల వైపు వేలు చూపాయి. సీసం అనే మాట ఆ వారం రోజులూ మా ఊరి టీ కొట్లలో కూడ వినబడింది. తరువాత మరచిపోయారు.

చట్టం లేక కాదు. పాత బ్యాటరీని అమ్మినవానికో, అనుమతి పొందిన శుద్ధిదారునికో అప్పగించాలని 2001 నాటి నియమాలే చెప్పాయి. 2022 ఆగస్టులో వచ్చినవి సెల్‌ఫోనులోని లిథియం బ్యాటరీ మొదలు అన్ని రకాలనూ కలుపుకొని, తిరిగి సేకరించే బాధ్యత తయారు చేసినవారి మీదనే పెట్టాయి. మా వీధి బండికి మాత్రం ఆ కాగితం అందలేదు.

మరునాడు అతడు వచ్చినప్పుడు, ఇది తీసుకొనిపోయి ఏమి చేస్తావని అడిగాను.

"పగలగొట్టి దిమ్మలు పోస్తామండి. మా బావమరిదికి ఆ పని వచ్చు. ఎంత, ఓ పూట పనండి."

"ఎక్కడ?"

"మా దొడ్లోనేనండి."

"యాసిడ్?"

"కాలవలో పోసేస్తామండి."

"మీ అమ్మాయికి ఇప్పుడు ఎన్నేళ్ళు?"

"ఆరండి. ఏం మాస్టారూ?" అన్నాడు.

నాకు తెలిసినంత చెప్పాను. బ్యాటరీ దుకాణానికే ఇస్తానని కూడ చెప్పాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. "మీరు ఇవ్వకపోతే పోనీలెండి. ఊళ్ళో అందరూ అట్టాగే అంటే ఈ బండి దేనికండి?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఇత్తడి కాలంలో ఆ ప్రశ్న పుట్టలేదు. కంచరి పెరడే ఊరికి కర్మాగారం, అందులో అతని కూలి అతనికి ఉండేది. ఇప్పటి నియమాలలో సేకరించేవాడు, శుద్ధి చేసేవాడు, లెక్క చూపేవాడు ఉన్నారు. ఈ బండివాని పేరు ఏ వరుసలో వ్రాయాలో నాకు తోచలేదు.

నాలుగు రోజుల తరువాత బండి లేకుండ వచ్చాడు, కూతురిని వెంటబెట్టుకొని. నెత్తురులో సీసం ఎంత ఉన్నదో ఎక్కడ చూస్తారండి అని అడిగాడు. మా ఊరి పరీక్షా కేంద్రంలో ఆ యంత్రం లేదు. నమూనా తీసి హైదరాబాదు పంపుతామన్నారు. పాప సూదికి ఏడవలేదు, చేయి చాచి నా వైపు చూస్తూ కూర్చున్నది. ఫలితం వచ్చే వారం వస్తుందట.