పట్టణము చేతిలో ఉంచిన సొమ్ము



మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ చేసికొనుచున్న ఈ సమయమున, రెండువందల యేండ్ల కొరకు అప్పగింపబడిన యొక ధర్మనిధి చరిత్రను మీ ముందుంచుచున్నాము.

అమెరికా దేశస్థుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1790లో మరణించెను. ఆయన కొవ్వొత్తులు చేయువాని కుమారుడు. యౌవనమున ఇద్దరు స్నేహితులిచ్చిన అప్పుతో ముద్రణాలయమును నిలువబెట్టుకొనెను. ఆ మేలు మరువక తాను పుట్టిన బోస్టన్‌కును, తాను బ్రదికిన ఫిలడెల్ఫియాకును చెరి 1,000 పౌనులు వ్రాసి యిచ్చెను. 25 ఏండ్లలోపు వయస్సుగల, వివాహితులైన చేతిపనివారికి ఇద్దరు పెద్దమనుష్యుల పూచీపై 5 శాతము వడ్డీకి అప్పీయవలెను. వారు ఏటేటా అసలులో పదియవ వంతు తీర్చవలెను. నూరేండ్లకు నిధిలో చాలభాగము పట్టణపు పనులకు వాడి, మిగిలినది మరి నూరేండ్లు త్రిప్పవలెను. ఇవి షరతులు.

బోస్టన్‌లో ఈ సొమ్మును చూచుటకు పట్టణ పెద్దలతోపాటు ఎపిస్కోపల్, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘములలో మిక్కిలి పాతవాటి బోధకులను నియమించెను. జీతము లేదు. ఈ మూడు సంప్రదాయములును 1947లో మెథడిస్టులతో కలిసి దక్షిణ ఇండియా సంఘమైనవని మనమెరుగుదుము.

కాలము మారెను. కర్మాగారములు వచ్చి, చేతిపని నేర్చుకొను పిల్లలు తగ్గిరి. పూచీ నిలుచువారు అరుదైరి. బోస్టన్‌వారు సొమ్ములో చాలభాగమును బీమా కంపెనీలో వడ్డీకి నిలిపిరి. ఫిలడెల్ఫియావారు అప్పులిచ్చుట ఎక్కువగా సాగించిరి గాని వసూలు సరిగా సాగలేదు. నూరేండ్లకు బోస్టన్ నిధి సుమారు 3,91,000 డాలర్లు. ఫిలడెల్ఫియాలో అందులో మూడవ వంతైనను లేదు. అంతకుముందే, 1869లో, ఫిలడెల్ఫియా ధర్మనిధులను నగర సభల చేతినుండి తీసి ప్రత్యేక బోర్డుకు అప్పగించుచు ఆ రాష్ట్రము చట్టము చేసెను.

బోస్టన్ సొమ్ముతో 1908లో చేతిపనులు నేర్పు విద్యాలయము తెరువబడెను. 1990లో గడువు తీరునాటికి అక్కడ దాదాపు 50 లక్షల డాలర్లు, ఫిలడెల్ఫియాలో సుమారు 20 లక్షలు నిలిచెను.

అట్లయిన బోస్టన్‌వారే నమ్మకస్థులా? మేము తొందరపడి అట్లు చెప్పజాలము. అక్కడ సొమ్ము పెరిగినది గాని, అనేక సంవత్సరములు పనివాని చేతికి అది చేరలేదు. ఇక్కడ చేరినది గాని తిరిగి రాలేదు. ఒకరు నిధిని కాచిరి, ఒకరు దాత కోరికను కాచిరి. రెంటిని కలిపి కాచుటయే ధర్మకర్త పని.

మన సంఘములలోను విధవరాండ్ర కొరకు, బీదపిల్లల చదువు కొరకు పెద్దలు విడిచిపోయిన సొమ్ము బ్యాంకులలో ఉన్నది. ఏటేటా లెక్క చదువునప్పుడు "ఎంత ఉన్నది?" అని అడిగి కూర్చుండుచున్నాము. ఈ శతవత్సరము నుండి "ఈ యేడు ఎవరికి అందినది?" అని కూడ అడుగుదము. జవాబు చెప్పవలసినవారిలో మేమే మొదటివారము.